దుఃఖమునకు రాజీపత్రము లేదు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ శిబిరమున తాము పన్నుల వసూలును గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు, పారిశుద్ధ్యమును గూర్చియు అనేక విషయములు వినియున్నారు. ఈ ఉదయము మేము చెప్పబోవు విషయము ఏ పద్దుపుస్తకములోను చేరునది కాదు. అయినను అది మీ కడకు రాక మానదు. త్రాగి బండి నడపినవాని వలన ఒక ఇంటి మనిషి రోడ్డుమీద ప్రాణము విడిచినపుడు, ఆ ఇంటి ముంగిట మొదట చేరువారు మీరే. ఆ ఇంటివారు దిక్కుతోచక చూచునది మీ మొగములవైపే. అప్పుడు మీరు పలుకు మాటయు, చేయు పనియు వారి దుఃఖమును భరింపదగినదిగా చేయగలవు. భరింపరానిదిగా కూడ చేయగలవు. మేము చెప్పదలచినది ఈ ఒక్క విషయమే.

మొదట దీని పరిమాణమును ఎరుగుట మంచిది. 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారి సంఖ్య 1,68,491 అని కేంద్ర ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. అనగా దినమునకు 460 మందికి పైగా! ఈ మరణములలో దాదాపు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతములలోనే సంభవించినవి. ఇవి యన్నియు త్రాగుడువలన కలిగినవి కావు. అతివేగము, నిర్లక్ష్యము, రోడ్ల లోపములు మొదలైన కారణములు పెక్కు కలవు. కాని త్రాగుడువలన కలిగిన మరణమునకు ఒక ప్రత్యేకత కలదు. దానిని చెప్పుటకు ముందు ఒక సంగతి మనవి చేసెదము.

గ్రామములలో తిరుగుట మా పని. కొన్ని సంవత్సరముల క్రిందట రాష్ట్ర రహదారి ప్రక్కనున్న ఒక గ్రామమున మేము ఉండగా ఇది జరిగినది. ఊరి పేరును, మనుష్యుల పేర్లును ఇచ్చట అనవసరము. ఒక చిన్న రైతు సంధ్యవేళ చేనినుండి సైకిలుపై ఇంటికి వచ్చుచుండెను. సైకిలు వెనుక పచ్చగడ్డి మోపు కట్టియున్నది. పెండ్లి విందునుండి తిరిగివచ్చుచున్న కారొకటి రోడ్డు అంచు దిగి ఆయనను వెనుకనుండి కొట్టినది. ఆయన అచ్చటనే మరణించెను. కారు నడపినవాడు ప్రక్క ఊరి యువకుడు. ఈ ఊరి పంచాయతీ సభ్యునొకనికి మేనల్లుడు. వాడు కాలుమీద నిలువలేని స్థితిలో ఉండెనని చూచినవారందరును ఎరుగుదురు. ఆ రాత్రియే వానిని బంధువుల ఇంటికి దాటించిరి. మరునాటి సాయంకాలమునకు గాని వాడు పోలీసుల యెదుటికి రాలేదు. అప్పటికి వాని మత్తు దిగినది. రక్తములో దాని జాడయు పోయినది.

ఐదవనాడు పెద్దలు ఆ ఇంటి అరుగుమీద చేరిరి. మేమును వారితో కూర్చుంటిమి. ఒక కవరులో కొంత డబ్బు, దాని ప్రక్కను వ్రాసి తెచ్చిన కాగితము ఒకటి. చనిపోయిన రైతు భార్య గుమ్మములో కూర్చుండి యున్నది. ఆమె వెనుక ఇరువురు పిల్లలు. ఒక పెద్దమనిషి సౌమ్యముగానే చెప్పెను: "పోయినవాడు ఎలాగూ తిరిగి రాడమ్మా. పిల్లల సంగతి చూసుకో. ఆ కుర్రాడి బతుకు పాడుచేస్తే నీకేం వస్తుంది?"

ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప తల యెత్తి ఒక్క మాట అడిగినది: "ఆ కాగితంలో, ఆ అబ్బాయి తాగి ఉన్నాడని రాస్తారా అయ్యా?"

ఎవ్వరును బదులు చెప్పలేదు. మేమును చెప్పలేదు. ఆనాటి మా మౌనమును తలచుకొన్నప్పుడెల్ల నేటికిని మాకు సిగ్గు కలుగుచున్నది. అంతకు పూర్వము ఎన్నియో సభలలో సత్యమును గూర్చి, న్యాయమును గూర్చి ఉపన్యసించిన మాకు ఆ అరుగుమీద నోరు పెగలలేదు. మాటలాడినది ఏడవ తరగతి వరకు మాత్రమే చదివిన ఒక వార్డు సభ్యురాలు. ఆమె ఆడవారితో కలిసి తలుపు ప్రక్కన నిలిచియుండి, "అది రాయని కాగితం మీద మా వదిన వేలిముద్ర వెయ్యదు. వెయ్యమని అడిగే హక్కు మనకీ లేదు" అన్నది. పెద్దలు కవరు తీసికొని లేచి వెళ్ళిరి.

సోదరులారా! ఆ పెద్దలు దుర్మార్గులు కారు. ఊరిలో తగవులు లేకుండ చూచుట తమ ధర్మమని నమ్మినవారు. గట్టు తగాదాను, నీటి తగాదాను తీర్చినట్లే దీనిని కూడ తీర్చవచ్చునని తలచిరి. పొరపాటు అచ్చటనే ఉన్నది. ఇది ఇరువురి నడుమ తగాదా కాదు. ఒక ఇంటికి జరిగిన అపచారము.

ఇట్టి దుఃఖము ఇతర దుఃఖములవంటిది కాదని మేము చెప్పుటకు కారణము కలదు. ముసలితనమున గాని, రోగమున గాని మరణించినవానికి ఇంటివారు సేవ చేసికొందురు. కడపటి మాట వినియుందురు. మనస్సును కొంత సిద్ధపరచుకొందురు. ఇచ్చట అదేమియు లేదు. ఉదయము చద్దియన్నము మూటగట్టుకొని వెళ్ళిన మనిషి సాయంకాలమునకు శవపరీక్ష గదిలో ఉండును. వీడ్కోలు లేదు. శరీరమును చూచుటకు కూడ అనుమతి కోరవలెను. దుఃఖింపవలసిన సమయమున పోలీసు స్టేషనులో వాంగ్మూలము, ఆసుపత్రిలో సంతకములు, ఇంటిలో వచ్చిపోవువారి ప్రశ్నలు. ఇవి చాలక తమను తాము నిందించుకొనుట మరియొకటి. "ఆ రోజు గడ్డికి పంపకపోయినా సరిపోయేది" అని ఆ ఇల్లాలు ఎన్నిమారులు అన్నదో మాకు లెక్క లేదు.

అన్నింటికంటె కఠినమైనది వేరొకటి కలదు. పిడుగు పడి మరణించినపుడు మనిషి ఆకాశమును చూచి ఏడ్చును. అడుగుటకు ఎవరును ఉండరు. త్రాగినవాని చేత మరణించినపుడు అడుగుటకు ఒక మనిషి ఉన్నాడు. వాడు త్రాగకుండ ఉండవచ్చును. త్రాగినను బండి ఎక్కకుండ ఉండవచ్చును. ప్రక్కనున్నవారు తాళపుచెవి తీసికొని ఉండవచ్చును. ఈ "ఉండవచ్చును" అను మాటలే ఆ ఇంటివారిని రాత్రులు నిద్రపోనీయవు. అట్టి సమయమున మనము వెళ్ళి "తలరాత అమ్మా, ఎవరేం చేస్తాం" అన్నచో, ఓదార్చుచున్నామని మనము తలంతుము. వారికి మాత్రము తప్పును దేవునిమీదికి నెట్టి తప్పు చేసినవానిని విడిపించుచున్నట్లు తోచును.

అందువలన మొదట మాటను సరిచేసికొనవలెను. దీనిని "ప్రమాదము" అని ఊరకుండరాదు. త్రాగుడు మనిషిని ఏమి చేయునో వైద్యశాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది. మద్యము మొట్టమొదట హరించునది వివేకమును. అడుగులు తడబడుటకు ముందే తీర్మానించు శక్తి తగ్గును. అందుచేతనే త్రాగినవాడు "నాకేమీ కాలేదు, నేను నడపగలను" అని మిక్కిలి ధైర్యముగా చెప్పును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. ఎదుట మనిషిని చూచి బ్రేకు త్రొక్కుటలో ఒక్క సెకను ఆలస్యమైనచో ఆ 17 మీటర్లలో ఒక ప్రాణము పోవచ్చును. మజ్జిగ త్రాగించినను, నిమ్మరసము త్రాగించినను, తలమీద చన్నీళ్ళు పోసినను మత్తు దిగదు. రక్తమునుండి మద్యము పోవుటకు కాలము తప్ప వేరు మందు లేదు.

ఇక చట్టము సంగతి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యము ఉండగా బండి నడపుట నేరము. 2019వ సంవత్సరపు సవరణ తరువాత మొదటి తప్పునకు 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తిరిగి చేసినచో 2 సంవత్సరముల వరకు జైలు గాని, 15,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని. ఇది కేవలము త్రాగి నడపినందుకు. ప్రాణము పోయినచో అది వేరు నేరము. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారము నిర్లక్ష్యమువలన మరణము కలిగించినవానికి 5 సంవత్సరముల వరకు శిక్ష విధింపవచ్చును. అంతకు పూర్వము ఇది 2 సంవత్సరములు మాత్రమే. త్రాగి నడపి ప్రాణములు తీసిన కొన్ని కేసులలో న్యాయస్థానములు దీనిని మరింత తీవ్రమైన నేరముగా కూడ పరిగణించినవి. 2006 నవంబరులో ముంబయి నగరమున రోడ్డు ప్రక్క నిద్రించుచున్న ఏడుగురు కూలీలు ఇట్లే మరణింపగా, 2012లో సుప్రీంకోర్టు దానిని వట్టి నిర్లక్ష్యముగా ఎంచక, శిక్షార్హమైన నరహత్యగా స్థిరపరచినది.

ఇందులో మీరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినవి రెండు కలవు.

మొదటిది: మరణము కలిగించిన ఈ నేరము ఉభయ పక్షములు రాజీపడి కొట్టివేయించుకొనదగిన నేరముల జాబితాలో లేదు. కావున అరుగుమీద వ్రాసిన కాగితమునకు ఆ నేరమును మాపు శక్తి లేదు. నష్టపరిహారపు మొత్తమును గూర్చి ట్రిబ్యునలు ఎదుట గాని, లోక్ అదాలతులో గాని ఒప్పందము చేసికొనుట వేరు, అది చట్టసమ్మతము. సాక్షులను మాన్పించి, ఫిర్యాదును అణచి, దానికి రాజీ అని పేరు పెట్టుట వేరు. ఈ రెండింటి భేదమును ప్రతి పంచాయతీ సభ్యుడును ఎరిగియుండవలెను.

రెండవది: ఒక్క రాత్రి దాచుట స్వల్ప విషయము కాదు. త్రాగి నడపిన నేరమునకు అరెస్టు చేసినవానిని రెండు గంటలలోపల వైద్యపరీక్ష చేయింపవలెనని చట్టము చెప్పుచున్నది. ఏలయనగా సాక్ష్యము వాని రక్తములోనే ఉన్నది. అది గంట గంటకు తరిగిపోవును. మేనల్లుడని జాలిపడి ఒక్క రాత్రి దాచినవాడు, చనిపోయినవానికి దక్కవలసిన సత్యమును దాచినవాడగును. మేము చెప్పిన గ్రామమున జరిగినది అదియే. ఆ యువకుడు త్రాగియున్నాడని నిరూపించుట కష్టమైన పిమ్మట, చనిపోయినవానిమీదనే మాటలు బయలుదేరినవి. సైకిలుకు దీపము లేదనిరి; రోడ్డు నడుమకు వచ్చెననిరి. కొన్నాళ్ళకు ఆ ఇల్లాలు మాతో చెప్పినది: "డబ్బు కోసం కాదండీ. ఆయన తప్పేమీ లేదని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. రేపు పిల్లలు అడిగితే నేనేం చూపించాలి?"

దుఃఖములో ఉన్నవారికి న్యాయము ఎందుకని అడుగువారికి మేము ఇచ్చు సమాధానము ఈ మాటయే. శిక్షవలన పోయిన ప్రాణము తిరిగి రాదు. కాని జరిగినది జరిగినట్లు నలుగురి యెదుట చెప్పబడినప్పుడు, చనిపోయినవాని గౌరవము నిలుచును. ఇంటివారికి ఊరిలో తల యెత్తి నడచు ధైర్యము కలుగును. సత్యము మరుగుపడిన ఇంటిలో దుఃఖము పుండువలె లోలోపల సలుపుచునే యుండును.

ఇక మీరు చేయదగిన పనులు చెప్పెదము. ఇవి ఏవియు పెద్ద పనులు కావు.

ప్రమాదస్థలమున మొదటి ధర్మము ప్రాణము కాపాడుట. 108కి గాని, 112కి గాని ఫోను చేయుడు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో కేసులలో ఇరికింతురను భయము ఇంకను మన గ్రామములలో పోలేదు. సహాయము చేసినవానిని వేధింపరాదని 2016 మార్చిలో సుప్రీంకోర్టు మార్గదర్శక సూత్రములను ఆమోదించినది. 2019 సవరణ ద్వారా 134-ఏ సెక్షనుగా అది చట్టములోనే చేరినది. ఈ సంగతిని గ్రామసభలో చదివి వినిపించుడు.

మరణము సంభవించినచో ఆ కుటుంబమునకు తోడుగా ఒక సభ్యుని గాని, సభ్యురాలిని గాని నియమించుడు. ఆ వ్యక్తి చేయవలసినది, ఇంటివారు ఏడ్చుటకు వీలుగా తక్కిన పనులు తాను చూచుకొనుట. మరణ నమోదునకు 21 దినముల గడువు కలదు. మరణము ఎచ్చట సంభవించెనో అచ్చటనే నమోదు కావలెను. ఆసుపత్రిలో పోయినవాని పేరు మన ఊరి రిజిస్టరులో ఎక్కదు. ఇది తెలియక తిరుగుచున్న కుటుంబములు పెక్కు. ప్రథమ సమాచార నివేదిక, శవపరీక్ష నివేదికల నకళ్ళు తీసి భద్రపరచవలెను. నష్టపరిహారమునకు మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునలులో దరఖాస్తు చేయుటకు చట్టము 6 నెలల గడువు పెట్టినది. కనుక సంవత్సరీకముల తరువాత చూతమనరాదు. తాము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే దరఖాస్తు చేయవచ్చును. బండి ఏదో తెలియక గుద్ది పారిపోయిన సందర్భమున మరణమునకు 2 లక్షల రూపాయలు ఇచ్చు పథకము 2022 ఏప్రిలు 1నుండి అమలులోనున్నది. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవలెను, లేదా 15100కు ఫోను చేయవలెను. "తాగి ఉన్నాడని రాయిస్తే బీమా రాదు" అని భయపెట్టు మధ్యవర్తులు ఉందురు. కంపెనీ మొదట బాధితులకు చెల్లించి, పిదప యజమానివద్ద రాబట్టుకొనవలెనని న్యాయస్థానములు తీర్పులిచ్చిన సందర్భములు కలవు. కనుక మధ్యవర్తి మాటమీద సత్యమును వదలుకొనక, న్యాయవాదిని సంప్రదింపవలెను.

కాగితముల పని ఇంతటితో ముగియును. మనుష్యుల పని ముగియదు. మన ఆచారమున పెద్దకర్మవరకు ఇల్లు చుట్టములతో నిండియుండును. పదమూడవనాడు అందరును వెళ్ళిపోవుదురు. నిజమైన దుఃఖము ఆ సాయంకాలమునే ఆరంభమగును. కావున పంచాయతీవారు వెళ్ళవలసిన సమయము కూడ అప్పుడే. నెల దాటిన పిమ్మట ఒకమారు, తొలి పండుగనాడు ఒకమారు, పంట చేతికి వచ్చునాడు ఒకమారు, సంవత్సరము తిరిగిన దినమున ఒకమారు ఆ ఇంటికి వెళ్ళుడు. ఏమి మాటలాడవలెనో తెలియదని వెనుకాడవలదు. చనిపోయినవాని పేరు చెప్పుడు. ఆయన మంచితనము ఒక్కటి గుర్తు చేయుడు. ఆ పేరు ఎత్తినచో ఇంటివారు బాధపడుదురని మనము మౌనముగా ఉందుము. ఊరు తమ మనిషిని మరచినదని వారు తలంతురు.

పిల్లలను ప్రత్యేకముగా కనిపెట్టియుండవలెను. పసివారు ఒక గడియ ఏడ్చి మరు గడియలో ఆటలకు పోవుదురు. దానిని చూచి వారికి ఏమియు తెలియదని తలపరాదు. వారి దుఃఖము విడతలు విడతలుగా వచ్చును. "నాన్న ఊరికి వెళ్ళాడు" అని అబద్ధము చెప్పక, వయస్సునకు తగిన మాటలతో నిజమునే చెప్పవలెను. బడిలో ఉపాధ్యాయునికి సంగతి తెలిపి, చదువు మానకుండ చూడవలెను. ఇక పెద్దలలో ఎవరైన నెలలు గడచినను అన్నము ముట్టక, పని ముట్టక, బ్రతుకుమీద విరక్తితో మాటలాడుచున్నచో వైద్యసహాయము అవసరము. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరుపై ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాటలాడువారు కలరు.

తప్పు చేసినవాని ఇంటిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. ఆ ఇంటను ఒక తల్లి ఉండును, ఆమెయు నిద్రపోదు. ఆ ఇంటిని వెలివేయుట, రాళ్ళు రువ్వుట, పంటకు నీరు మాన్పుట మన ధర్మము కాదు, చట్టమును అంగీకరింపదు. వానికి చేయదగిన మేలు ఒక్కటే: నిజము ఒప్పుకొని చట్టము ఎదుట నిలువుమని చెప్పుట. దాచిపెట్టిన మేనమామకంటె, చేయి పట్టి స్టేషనుకు తీసికొనిపోయిన మేనమామయే వానికి ఆప్తుడు.

దుఃఖము ఒక్కొక్కప్పుడు లోకోపకారమునకు దారితీయును. 1980 మే 3వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 13 ఏండ్ల బాలిక రోడ్డు అంచున నడచి పోవుచుండగా త్రాగిన వాడొకడు కారుతో కొట్టి ఆగకుండ పోయెను. ఇట్టి నేరమునకే అరెస్టయి కొలది దినముల క్రిందట జామీనుపై విడుదలైనవాడు! ఆ బాలిక తల్లి క్యాండస్ లైట్నర్ ఆ సంవత్సరమే త్రాగి బండి నడపుటకు వ్యతిరేకముగా తల్లుల సంఘమును స్థాపించినది. త్రాగి నడపుట నవ్వి ఊరకొనదగిన పొరపాటు కాదని ఆ సంఘము దేశమునకు నేర్పినది. 1984లో మద్యము కొనుటకు కనీస వయస్సు దేశమంతట 21 సంవత్సరములు కావలెనని అచ్చటి ప్రభుత్వము చట్టము చేయుటకు ఆ ఉద్యమము ఎంతయు తోడ్పడినది. ఆమె 1990లో దుఃఖమును భరించు విధమును గూర్చి ఒక గ్రంథమును కూడ ప్రకటించినది. ఎంత గొప్ప కార్యము చేసినను ఏడ్వవలసిన ఏడ్పునకు అది బదులు కాజాలదు. కావున దుఃఖములో ఉన్నవారిని ఉద్యమములకు త్వరపెట్టరాదు. ఆ పని చేయవలసినది ఊరు.

ఊరు తలచుకొన్నచో ఏమి చేయగలదో మనకు దూరదేశపు నిదర్శనములు అక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యా తరగతులకు వచ్చిన స్త్రీలు సారాకు ఎదురు తిరిగిరి. రోశమ్మ మొదలైన ఆ స్త్రీల ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరులో సారా నిషేధమునకు దారితీసినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినను, గ్రామస్థుల మాటకు ప్రభుత్వములను కదలించు శక్తి కలదని ఆ ఉద్యమము నిరూపించినది.

మన చేతిలోనున్న పనులు ఇవి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపల మద్యపు దుకాణములు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పినది. 20,000 లోపు జనాభాగల ప్రదేశములలో ఆ దూరమును 2017 మార్చిలో 220 మీటర్లకు తగ్గించినది. పురపాలక ప్రాంతములకు పిదప మినహాయింపు కలిగినను, మీ గ్రామపు రహదారిని మీరు టేపుతో కొలిచి చూడవచ్చును. అనుమతి లేని బెల్టు దుకాణములను గూర్చి గ్రామసభలో తీర్మానించి ఆబ్కారీ అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవచ్చును. ఊరి మలుపులలో దీపము, రోడ్డు అంచున ముళ్ళకంప నరికిన త్రోవ, ప్రతి సైకిలుకును ట్రాక్టరు తొట్టికిని వెనుక ఎఱ్ఱని మెరుపుబిళ్ళ, వీటికి అగు ఖర్చు స్వల్పము. పెండ్లిండ్లకు, జాతరలకు వచ్చు బండ్ల తాళములను త్రాగనివారి చేత ఉంచు కట్టుబాటును పెద్దలు నిర్ణయింపవచ్చును. తాళము ఇమ్మని గట్టిగా అడుగుటవలన ఒక పూట అలుక కలుగును. అడుగకపోవుటవలన ఒక ఇంట జన్మమంతయు ఏడ్పు మిగులును.

నవంబరు నెల మూడవ ఆదివారమును రోడ్డు ప్రమాద మృతుల స్మారక దినముగా జరుపవలెనని ఐక్యరాజ్య సమితి 2005లో తీర్మానించినది. ఆనాడు మీ ఊరిలో రోడ్డుమీద ప్రాణములు విడిచినవారి పేర్లు పంచాయతీ కార్యాలయము ముందు చదువుడు. ఉపన్యాసములు వలదు. పేర్లు చదివి, ఇంటివారిని కూర్చుండబెట్టి, ఒక నిమిషము నిలువుడు. అదియే చాలును.

మేము చెప్పిన ఆ ఇల్లాలి సంగతితో ముగించెదము. ట్రిబ్యునలు తీర్పు వచ్చుటకు రెండేండ్లు పట్టినది. వాయిదాలన్నింటికిని ఆ వార్డు సభ్యురాలు తన కూలి మానుకొని ఆమె వెంట వెళ్ళినది. తప్పు కారు నడపినవానిదేయని తీర్పులో వ్రాయబడినది. ఆమె ఆ పంక్తిని తన పెద్దకుమారునిచేత మూడుమారులు చదివించుకొన్నదట. గత సంవత్సరము మేము ఆ ఇంటికి వెళ్ళినపుడు సైకిలు గోడకు చేర్చియున్నది. టైర్లలో గాలి నింపియున్నది. కుమారుడు దానిపై బడికి పోవుచున్నాడు. వెనుక ఎఱ్ఱబిళ్ళ బిగించినది ఎవరని అడిగితిమి. "పంచాయతీవాళ్ళే అందరి సైకిళ్ళకీ వేయించారండీ" అని చెప్పి, ఆమె మాకు మంచినీళ్ళు తెచ్చి యిచ్చినది. ఆ సాయంకాలము ఆమె తన భర్త పేరు చెప్పి చాలసేపు మాటలాడినది. మేము విన్నాము.

ఐదవనాడు ఆ అరుగుమీద మేము చేయలేకపోయిన పనిని, మీరు మీ గ్రామములలో చేయుదురని నమ్ముచున్నాము.